చూడని రాత్రుల మీద బెంగ

డ్యాన్స్ ఆల్బమ్ అనగానే ఏం గుర్తొస్తుంది? మనిషంత ఎత్తు స్పీకర్లు, లేజర్ లైట్లు, చేతులు పైకెత్తి గెంతే జనం. 2007 నవంబరులో లండన్ నుంచి వచ్చిన ఒక డ్యాన్స్ ఆల్బమ్‌లో మాత్రం వాన పడుతుంటుంది. పాత రికార్డు మీద ముల్లు తిరిగేటప్పుడు వచ్చే చిటపట వినిపిస్తుంటుంది. రెండు గోడల అవతల ఎవరో పార్టీ చేసుకుంటున్నట్టు బేస్ మోగుతుంటుంది. మధ్యలో ఎవరో పాడతారు. పాడేది ఆడో మగో తెలియదు, మాటలు సగమే వినపడతాయి.

ఆ ఆల్బమ్ పేరు ‘అన్‌ట్రూ’. అంటే నిజం కానిది. దాన్ని చేసినతను తనకు పెట్టుకున్న పేరు ‘బరియల్’. అంటే పూడ్చిపెట్టడం. డ్యాన్స్ ఆల్బమ్‌కి ఇవేం పేర్లు అనుకుంటున్నారా? కానీ ఈ శతాబ్దంలో వచ్చిన గొప్ప ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల జాబితా ఎవరు వేసినా దాదాపు తప్పకుండా ఇది ఉంటుంది.

ఇందులో అసలు విశేషం వేరే ఉంది. నైట్‌క్లబ్‌ల పాత రోజుల మీద బెంగతో పుట్టిన ఆల్బమ్ ఇది. చేసిన మనిషి మాత్రం ఆ రోజుల్ని చూడనే లేదు.

అన్నయ్యలు తెచ్చిన క్యాసెట్లు

బరియల్ దక్షిణ లండన్ కుర్రాడు. బ్రిటన్‌లో ‘రేవ్’లు జోరుగా సాగినప్పుడు అతను చిన్నపిల్లాడు. రేవ్ అంటే తెల్లవార్లూ సాగే డ్యాన్స్ పార్టీ. ఖాళీ గోదాముల్లో, ఊరి బయట పొలాల్లో, చాలాసార్లు అనుమతులు లేకుండానే పెట్టేవాళ్లు. అతని అన్నయ్యలు ఆ పాటల క్యాసెట్లు ఇంటికి తెచ్చేవాళ్లట, ఆ రాత్రుల కబుర్లు చెప్పేవాళ్లట. తను మాత్రం అలాంటి రేవ్‌కి ఎప్పుడూ వెళ్లలేదని ఇంటర్వ్యూల్లో అతనే చెప్పాడు. పెద్దయ్యాక క్లబ్బులకు వెళ్లాడు కానీ, అప్పటికి అన్నయ్యలు చెప్పిన కాలం అయిపోయింది.

అంటే అతనికి దొరికింది పార్టీ కాదు, పార్టీ గురించిన కబుర్లు. తలుపు సందులోంచి వినపడ్డ పాట, అర్ధరాత్రి ఇంటికొచ్చిన అన్నయ్య కళ్లలో మెరుపు. మిగిలినదంతా ఊహ.

ఇది మనకు కొత్తేం కాదు. మనకంటే ఐదారేళ్లు పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్ల హాస్టల్ రోజులు, మొదటి రోజు మొదటి ఆటలు, టేపురికార్డర్ ముందు కూర్చుని రికార్డు చేసుకున్న పాటల గురించి వింటూనే పెరుగుతాం. వినీ వినీ కొన్నాళ్లకు మనమూ అక్కడున్నట్టే అనిపిస్తుంది.

అసలు ఏమిటా రాత్రులు?

ఈ బెంగ అర్థం కావాలంటే కథ కొంచెం తెలియాలి.

ఈ సంగీతం బ్రిటన్‌లో పుట్టలేదు. అమెరికాలోని షికాగోలో ‘వేర్‌హౌస్’ అనే క్లబ్ ఉండేది. అక్కడికొచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. బయట చోటు దొరకనివాళ్లు అక్కడికొచ్చి తెల్లవార్లూ డ్యాన్స్ చేసేవాళ్లు. అక్కడి డీజే ఫ్రాంకీ నకల్స్. ఆ క్లబ్ పేరులోని చివరి ముక్కే ‘హౌస్’ సంగీతం అయింది. అదే కాలంలో డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్‌సన్ అనే ముగ్గురు స్నేహితులు ‘టెక్నో’ను తయారుచేస్తున్నారు.

1987లో నలుగురు లండన్ స్నేహితులు సెలవులకు స్పెయిన్‌లోని ఇబిజా దీవికి వెళ్లారు. అక్కడి క్లబ్బుల్లో ఈ సంగీతం విని, ఆ పిచ్చిని మూటగట్టుకుని తిరిగొచ్చారు. వాళ్లలో ఒకడైన డానీ రాంప్లింగ్ ఆ ఏడాది చివర్లో లండన్‌లోని ఒక జిమ్‌లో ‘షూమ్’ అనే క్లబ్ మొదలుపెట్టాడు. ఏడాది తిరక్కుండా ఆ గాలి దేశమంతా పాకింది. లండన్ చుట్టూ ఉండే ఎం25 రింగురోడ్డు పొడవునా కార్లు బారులు తీరేవి. పార్టీ ఎక్కడో ముందే చెప్పేవాళ్లు కాదు. ఒక ఫోన్ నంబరుకు చేస్తే చివరి నిమిషంలో చిరునామా తెలిసేది. పోలీసులకూ అప్పుడే తెలిసేది!

1992 మే నెలలో కాసిల్‌మోర్టన్ అనే పల్లె దగ్గరి బీడుభూమిలో వేలమంది చేరి రోజుల తరబడి రేవ్ చేశారు. ప్రభుత్వానికి కోపం వచ్చింది. 1994లో ఒక చట్టం తెచ్చింది. ఆరుబయట రాత్రిపూట సంగీతం పెట్టి గుమికూడితే చెదరగొట్టే అధికారం పోలీసులకు ఇచ్చింది. ఆ సంగీతం ఎలాంటిదో చట్టంలోనే రాశారు: ఒకదాని వెంట ఒకటిగా, పదే పదే వచ్చే బీట్లు ప్రధానంగా ఉన్నది! బీట్‌కి చట్టం నిర్వచనం ఇవ్వడం ఎప్పుడైనా విన్నారా? దానికి నిరసనగా ‘ఆటేకర్’ అనే ఇద్దరు సభ్యుల బృందం అదే ఏడాది ఒక రికార్డు తెచ్చింది. అందులో ‘ఫ్లటర్’ అనే ట్రాక్‌లో ఏ రెండు వరసల్లోనూ బీట్ ఒకేలా రాకుండా ప్రోగ్రామ్ చేశారు. చట్టంలో ఉన్న లొసుగును పట్టుకుని పాట రాశారన్నమాట. ప్రోగ్రామర్‌గా నాకు చాలా నచ్చిన నిరసన ఇది.

పొలాల్లోంచి తరిమేస్తే ఆ సంగీతం లైసెన్సున్న క్లబ్బుల్లోకి, పైరేట్ రేడియోల్లోకి చేరింది. అపార్ట్‌మెంట్ టవర్ల పైకప్పుల మీద దొంగచాటుగా ట్రాన్స్‌మిటర్లు పెట్టి నడిపే స్టేషన్లు అవి. డ్రమ్ముల్ని ముక్కలు ముక్కలుగా నరికి వేగం పెంచితే ‘జంగిల్’ అయింది. వేగం తగ్గించి, పాటలోని గొంతుకి చోటిస్తే ‘గరాజ్’ అయింది. పిల్లలు ఆ రేడియో పెట్టుకుని, క్యాసెట్ వేసి, ప్లే-రికార్డ్ కలిపి నొక్కేవాళ్లు. బరియల్ ఇంటికొచ్చినవి అలాంటి క్యాసెట్లే.

గీతలు లేని కాగితం

ఇక్కడ నాలాంటి ఇంజినీరుకు భలే ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది.

ఇప్పుడు కంప్యూటర్ మీద సంగీతం చేసేవాళ్లు ఏబుల్‌టన్, ఎఫ్‌ఎల్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్లు వాడతారు. వాటిలో తెర మీద గళ్లుంటాయి, మన ఎక్సెల్ షీట్‌లా. ప్రతి గడీ తాళంలో ఒక చిన్న భాగం. డ్రమ్ దెబ్బను ఆ గడిలో పెడితే చాలు, మిల్లీసెకను తేడా రాకుండా సరిగ్గా అక్కడే మోగుతుంది. మనిషి చెయ్యి తడబడినా సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది.

బరియల్ వాటిని వాడలేదు. ‘సౌండ్ ఫోర్జ్’ అనే ఆడియో ఎడిటర్‌లో చేశాడు. ప్రధానంగా రికార్డు చేసిన శబ్దాన్ని కత్తిరించడానికి, శుభ్రం చేయడానికి వాడే సాఫ్ట్‌వేర్ అది. తెర మీద శబ్దతరంగం పొడుగ్గా కనిపిస్తుంది. దాంట్లో ఒక్కో డ్రమ్ ముక్కనూ తెచ్చి కంటి అంచనాతో అతికించాడు. డ్రమ్స్ బాగా కుదిరితే ఆ తరంగం చేప ముల్లులా కనిపిస్తుందని, అలా కనిపిస్తే పాట బాగుంటుందని తనకు తెలుస్తుందని చెప్పాడు. చూపుతో తాళం వేశాడన్నమాట!

ఫలితం ఏంటంటే, ఏ దెబ్బా సరిగ్గా పడాల్సిన చోట పడదు. వెంట్రుకవాసి ముందో వెనకో పడుతుంది. మీకు ఆ తేడా విడిగా తెలియదు, కానీ ఒంటికి తెలుస్తుంది. ఎవరో మన పక్కన కొంచెం తూలుతూ, కొంచెం తొందరగా నడుస్తున్నట్టుంటుంది.

దానికి తోడు ఆ తాళం కూడా తమాషాది. మామూలు హౌస్ పాటలో కిక్ డ్రమ్ ‘డుం డుం డుం డుం’ అని నాలుగుసార్లూ పడుతుంది. గరాజ్‌లో ‘టూ-స్టెప్’ అనే రకం ఉంది. అందులో రెండో దరువు దగ్గర, నాలుగో దరువు దగ్గర కిక్ ఉండదు. అక్కడ కాలు పడుతుందనుకుంటాం, పడదు. ఆ ఖాళీలోనే నడుం ఊగుతుంది. బరియల్ ఆ ఖాళీని ఇంకా పెద్దది చేశాడు. డ్యాన్స్ చేయించాల్సిన ఖాళీ ఎవరో లేని లోటులా వినిపిస్తుంది.

ఇక గొంతులు. అప్పటి అమెరికన్ ఆర్‌అండ్‌బీ పాటల్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసుకున్నాడు. రెండో ట్రాక్ ‘ఆర్కేంజెల్’లో వినిపించేది రే జే పాడిన ‘వన్ విష్’లోని ముక్కలు. టైటిల్ ట్రాక్‌లో ఉన్నది బియాన్సే గొంతు. చెబితే తప్ప పోల్చుకోలేం. శ్రుతి పెంచి, తగ్గించి, సాగదీసి, మగ గొంతును ఆడ గొంతులా, ఆడ గొంతును మగ గొంతులా మార్చేశాడు. ప్రపంచమంతా విన్న స్టార్ల గొంతులు కాస్తా రాత్రి బస్టాపులో ఒంటరిగా నిలబడి తనలో తను పాడుకునే మనిషి గొంతు అయిపోయాయి.

ఈ ఆల్బమ్ ఇలా రావాల్సింది కూడా కాదు. ముందు చాలా క్లిష్టమైన, చీకటి ట్రాకులు చేయాలని మొదలుపెట్టాడట. చేసి, చేసి, వాటిని పక్కన పడేశాడు. తర్వాత వేగంగా, మనసుకు తోచినట్టు చేసినవే ఇవి. కష్టపడి రాసిన కోడ్ పక్కన పెట్టి, ఒక రాత్రిలో రాసింది రిలీజ్ చేసినవాళ్లకు ఆ ధైర్యం విలువ తెలుసు.

పార్టీ కాదు, పార్టీ తర్వాత

క్లబ్బుల మీద వచ్చే పాటలు చాలావరకు లోపలికి వెళ్లడం గురించి ఉంటాయి. ‘అన్‌ట్రూ’ బయటికొచ్చాక ఏమవుతుందో చెబుతుంది. చెవుల్లో ఇంకా గింగురుమంటున్న హోరు, తడిసిన రోడ్డు, ఇంటికెళ్లే బస్సు, అర్ధరాత్రి దాటాక కూడా తెరిచి ఉండే ఒకే ఒక్క చోటు. అందుకే ఒక ట్రాక్ పేరు ‘ఇన్ మెక్‌డొనాల్డ్స్’. దాంట్లో బీటే లేదు. రెండు నిమిషాల పాటు వెలుగు ఎక్కువైన గదిలో ఒంటరిగా కూర్చున్నట్టుంటుంది. ‘డాగ్ షెల్టర్’, ‘హోమ్‌లెస్’ అనే పేర్లూ ఉన్నాయి. చివరి ట్రాక్ పేరు ‘రేవర్’.

ఆల్బమ్ కవర్ మీద ఉన్నదీ అదే. టోపీ ఉన్న స్వెట్‌షర్ట్ వేసుకుని, ముందు కప్పు పెట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ. డ్యాన్స్ లేదు, జనం లేరు.

నైట్ షిఫ్ట్ అయ్యాక ఆఫీసు క్యాబ్‌లో ఇంటికెళ్లే మన ఊరి పిల్లలకు ఈ ఆల్బమ్ తొందరగా అర్థమవుతుందని నాకనిపిస్తుంది. ఔటర్ రింగు రోడ్డు మీద రెండున్నరకు క్యాబ్ వెళ్తుంటుంది. పక్క సీట్లో ఎవరో నిద్రపోతుంటారు. దీపాలు ఒకదాని వెంట ఒకటి వెనక్కి పోతుంటాయి. ఊరంతా ఏదో పెద్ద సంబరం చేసుకుని పడుకున్నట్టు, మనం ఒక్కళ్లమే ఆలస్యంగా వచ్చినట్టు ఉంటుంది. ‘అన్‌ట్రూ’లో ఉన్నది సరిగ్గా ఆ ఆలస్యమే.

మొహం లేని స్టార్

ఆల్బమ్ వచ్చినప్పుడు బరియల్ ఎవరో దాదాపు ఎవరికీ తెలియదు. ఫొటో లేదు, అసలు పేరు లేదు, స్టేజీ షోలు లేవు. కోడ్9 అనే పేరుతో డీజేగా ఉన్న స్టీవ్ గుడ్‌మన్ నడిపే ‘హైపర్‌డబ్’ అనే చిన్న లేబుల్ ఈ రికార్డు వేసింది. ఆ హైపర్‌డబ్ కూడా మొదట్లో సంగీతం మీద వ్యాసాలు రాసే వెబ్ పత్రికే. బరియల్ దాని అభిమాని. తన పాటలు గుడ్‌మన్‌కు పంపుతూ పంపుతూ ఆర్టిస్టు అయిపోయాడు. 2006లో వచ్చిన మొదటి ఆల్బమ్ ‘బరియల్’ను ‘ది వైర్’ పత్రిక ఆ ఏడాది అత్యుత్తమ ఆల్బమ్‌గా ఎంచుకుంది.

2008లో ‘అన్‌ట్రూ’ బ్రిటన్‌లోని ప్రతిష్ఠాత్మక మెర్క్యురీ ప్రైజ్‌కు నామినేట్ అయింది. అంతే, పత్రికలు వెంటపడ్డాయి. ‘ది సన్’ అయితే అతనెవరో బయటపెడతామని పెద్ద హడావుడి చేసింది. ఫేమస్ డీజే ఎవరో పేరు మార్చుకుని చేశాడని పుకార్లు. చివరికి ఆ ఆగస్టులో అతనే మైస్పేస్‌లో ఒక ఫొటో, పేరు పెట్టేశాడు. పేరు విలియం బెవన్. తానో మామూలు మనిషినని, పాటలు చేసుకోవడమే తనకు కావాలని దాని సారాంశం. ప్రైజ్ చివరికి ‘ఎల్బో’ బ్యాండ్‌కి వెళ్లింది. అతను మళ్లీ తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఇది సిగ్గు మాత్రమే అనుకోను. పైరేట్ రేడియోలో వచ్చే పాట ఎవరిదో చాలాసార్లు తెలిసేది కాదు. లేబుల్ మీద పేరు లేని రికార్డులు ఉండేవి. పాటే ఉండేది, మనిషి ఉండడు. చీకటి క్లబ్‌లో డీజే మొహం ఎవడు చూశాడు? ఆ పద్ధతిని బెవన్ కాపాడుకున్నాడు, అంతే.

‘నువ్వు వెళ్లనిదాని మీద నీకేం బెంగ?’

మా టీమ్‌లో ఒకతనికి ఈ ఆల్బమ్ వినిపించి కథంతా చెబితే అన్నాడు: “వాడే వెళ్లలేదు. ఇంక అది నోస్టాల్జియా ఎలా అవుద్ది బ్రో? ఫేక్ కదా!” కొట్టిపారేసే ప్రశ్న కాదిది. ఆల్బమ్ పేరు కూడా ‘నిజం కానిది’ అనే కదా.

దీనికి జవాబు మన మాటలోనే ఉందనుకుంటాను. నోస్టాల్జియా అంటే గడిచిన కాలం గురించిన జ్ఞాపకం. మనకు ‘బెంగ’ అనే మాట ఉంది. బెంగకు జ్ఞాపకం తప్పనిసరి కాదు, లోటు ఉంటే చాలు. తాతయ్యను ఒక్కసారీ చూడని మనవడు ఆయన కళ్లజోడు దాచుకుంటాడు. ఆయన ఎలా నడిచేవాడు, ఎలా నవ్వేవాడు అని అడుగుతాడు. ఆ పిల్లాడిది ఫేక్ అని ఎవరైనా అనగలరా?

2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ 4కె షోలు వేశారు గుర్తుందా? ఆ వెంటనే పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు ‘జల్సా’. అప్పట్నుంచి రీ-రిలీజులు మనకో పండగ అయిపోయాయి. తెర ముందు కాగితాలు చల్లి గెంతిన కుర్రాళ్లలో చాలామంది 2006లో ‘పోకిరి’ వచ్చినప్పుడు అమ్మ ఒళ్లో ఉండి ఉంటారు. సినిమా వాళ్లకు కొత్తది కాదు, టీవీలో వందసార్లు చూశారు. వాళ్లకు కావాల్సింది అన్నయ్యలు చెప్పిన ఆ థియేటర్, ఆ ఈలలు, ఆ గోల.

అయితే ఒక తేడా ఉంది. రీ-రిలీజ్ పాతదాన్ని తుడిచి, మెరుగుపెట్టి, మధ్యలో ఏళ్లు గడవనట్టు మన ముందు పెడుతుంది. ఆ రెండున్నర గంటలు సంతోషంగానే ఉంటుంది. ‘అన్‌ట్రూ’ దుమ్ము తుడవదు. ఆ చిటపట, ఆ వాన, ఆ గోడ అవతలి బేస్, ఇవన్నీ ఎందుకున్నాయంటే, దూరం వినపడాలని. ‘అది అక్కడుంది, నేను ఇక్కడున్నాను, మధ్యలో ఇంత ఉంది’ అని నిజాయితీగా ఒప్పుకుంటుంది. రేవ్ పాటను అచ్చుగుద్దినట్టు మళ్లీ చేసి ఉంటే అది నిజంగానే ఫేక్ అయ్యేది.

మార్క్ ఫిషర్ అనే బ్రిటిష్ రచయిత బరియల్ సంగీతం గురించి చాలా రాశాడు. అతని వాదన సారాంశం ఇది: మనల్ని వెంటాడేది పోయిన గతం కాదు, వస్తుందనుకుని రాకుండా పోయిన భవిష్యత్తు. రేవ్‌లలో అపరిచితులు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. డబ్బున్నవాడు, లేనివాడు, నల్లవాడు, తెల్లవాడు ఒకే బీట్‌కి ఊగారు. లోకం ఇక ఇలాగే ఉంటుందని ఆ వయసులో నమ్మారు. ఉండలేదు. బరియల్ బెంగంతా ఆ మాట తప్పిన రేపటి మీదే అనిపిస్తుంది.

ఈ బెంగ అతనితో ఆగలేదు కూడా. దక్షిణ లండన్‌లోనే ఎలియట్ అనే స్కూల్ ఉండేది. బరియల్ చదివింది అక్కడే. కొన్నేళ్ల తర్వాత అక్కడే చదివిన జేమీ ఎక్స్ఎక్స్ 2015లో ‘ఇన్ కలర్’ అనే ఆల్బమ్ చేశాడు. 1988లో పుట్టిన అతనూ ఆ తొలి రేవ్‌లు చూసి ఉండడు. ‘గాష్’ అనే మొదటి ట్రాక్‌లో బీబీసీ రేడియో 1 జంగిల్ కార్యక్రమం కోసం రికార్డు చేసిన పాత గొంతులు వాడాడు. ‘అన్‌ట్రూ’ రాత్రి మూడింటి వాన అయితే ‘ఇన్ కలర్’ తెల్లవారుజామున వచ్చే వెలుగు. బెంగ ఒకటే, రంగులు వేరు.

తలుపులు మూసుకుంటున్నాయి

ఆ క్లబ్బులన్నీ స్వర్గాలేం కావు. డ్రగ్స్ ఉన్నాయి, ప్రాణాలు పోయాయి. 1999లో మొదలైన ‘ఫాబ్రిక్’ క్లబ్‌కి వెళ్లిన ఇద్దరు కుర్రాళ్లు డ్రగ్స్ వల్ల చనిపోయాక 2016 సెప్టెంబరులో దాని లైసెన్సు రద్దు చేశారు. పెద్ద ఉద్యమం తర్వాత, కఠినమైన షరతులతో 2017 జనవరిలో మళ్లీ తెరిచారు. వివక్షా ఉంది. లండన్ పోలీసులు 2005 నుంచి ‘ఫామ్ 696’ అని ఒకటి పెట్టారు. పాట ఏ రకం, వచ్చేవాళ్లది ఏ జాతి అని కూడా ఒకప్పుడు అందులో అడిగేవాళ్లు. నల్లజాతి యువకుల సంగీతాన్ని అడ్డుకోవడానికే ఇదని విమర్శలొచ్చి, 2017లో రద్దయింది. బెంగలో ఇవన్నీ మర్చిపోతే అది అబద్ధమే.

కానీ పోయింది ఎంతో కూడా చూడాలి. పబ్బులు, క్లబ్బుల యజమానుల సంఘం లెక్క ప్రకారం 2005లో బ్రిటన్‌లో 3,144 నైట్‌క్లబ్‌లు ఉండేవి. 2015కి 1,733 మిగిలాయి. పదేళ్లలో దాదాపు సగం! అద్దెలు పెరిగాయి. పక్కన అపార్ట్‌మెంట్లు లేచాయి, కొత్తగా వచ్చినవాళ్లు శబ్దం మీద ఫిర్యాదులు చేశారు. లైసెన్సులు కష్టమయ్యాయి. 2008లో ‘టర్న్‌మిల్స్’, 2009లో ‘ది ఎండ్’ మూతపడ్డాయి. షోర్‌డిచ్‌లో ‘ప్లాస్టిక్ పీపుల్’ అని ఓ నేలమాళిగ క్లబ్ ఉండేది. చిన్నది, లోపల దాదాపు కటిక చీకటి, సౌండ్ మాత్రం అద్భుతం అని పేరు. బరియల్ సంగీతానికి చుట్టమైన ‘డబ్‌స్టెప్’ పెరిగిన ‘ఫార్వర్డ్’ అనే క్లబ్ నైట్ అక్కడే జరిగేది. 2015 జనవరిలో అదీ పోయింది.

2020లో కోవిడ్ వచ్చాక ఇంగ్లండ్‌లో క్లబ్బులు మార్చిలో మూసి 2021 జులైలో గానీ పూర్తిగా తెరవలేదు. ఆ మధ్యలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లంతా బరియల్‌లా మిగిలారు, అన్నయ్యల కబుర్లతో, చెవుల్లో హెడ్‌ఫోన్స్‌తో.

బెంగను మోసుకురావడానికి పాట చాలు. కానీ ఆ పాట పుట్టడానికి ఒక గది కావాలి. చవగ్గా, చీకటిగా, ఎవరు వచ్చినా అడ్డుచెప్పని గది. ‘అన్‌ట్రూ’ విన్నప్పుడల్లా నాకు ఈ విషయమే తట్టుతుంది. కొత్త రకం సంగీతం ఖరీదైన చోట్ల పుట్టడం అరుదు. షికాగోలో గోదాము, లండన్‌లో జిమ్, టవర్ల మీద దొంగ రేడియో. ఆ గదులన్నీ ఫ్లాట్లు అయిపోతే, తర్వాతి తమ్ముడికి చెప్పడానికి ఏ అన్నయ్య దగ్గరా కబుర్లు ఉండవు.

ఎలా వినాలి?

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. ఈ ఆల్బమ్‌లో సగం కథ బేస్‌లో ఉంది, అంత చిన్న స్పీకర్లో అది రానే రాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. పగలు వద్దు, రాత్రి ప్రయాణంలో వినండి. మొత్తం 13 ట్రాకులు, గంటలోపే. షఫుల్ ఆపేయండి, వరసలో వినాల్సిన ఆల్బమ్ ఇది.

అంత టైమ్ లేదంటే ‘ఆర్కేంజెల్’తో మొదలుపెట్టండి. నాలుగు నిమిషాలు. మొదటిసారి గొంతు వినండి. రెండోసారి గొంతు వదిలేసి డ్రమ్స్ వెనక ఉన్న చిటపట వినండి. నచ్చితే ‘నియర్ డార్క్’, ఆ తర్వాత బీట్ లేని ‘ఎండార్ఫిన్’. ఇది మరీ దిగులుగా ఉందనిపిస్తే ‘ఇన్ కలర్’కి వెళ్లండి, ఎండ తగిలినట్టుంటుంది.

ఇంకో పని కూడా చేయొచ్చు. బరియల్‌కి ఈ సంగీతం దొరికింది ఎవరో ప్లే-రికార్డ్ నొక్కి, క్యాసెట్ మీద చేత్తో పేరు రాసి ఇంటికి తెచ్చారు కాబట్టి. మన రాత్రులు స్టోరీల్లో పెడితే 24 గంటల్లో మాయమవుతున్నాయి. పాటలు యాప్‌లో ఉంటాయి, సొరుగులో దొరకవు. మీకు బాగా నచ్చిన పది పాటలు ఏ రోజు, ఎక్కడ, ఎవరితో విన్నారో రాసి, ఇంట్లో చిన్నవాళ్లెవరికైనా పంపండి. వాళ్లు ఇప్పుడు వినకపోవచ్చు. పదేళ్ల తర్వాత వింటారు.